పైకప్పుకు కొత్త రంధ్రం పెట్టకుండా సింకుకు గాలి: నా అనుభవం

వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో మేముంటున్న ఇంటికి 2022 చివర్లో వంటిల్లు మార్పించాము. కిటికీ కింద బయటి గోడకు ఆనుకుని ఉన్న సింకును తీసి, వంటింటి నడుమ ఏ గోడకూ ఆనకుండా కొత్తగా కట్టించిన అరుగు, అంటే ఐలాండ్‌లోకి మార్చడమే అందులో పెద్ద పని. అది పూర్తయిన రెండు నెలలకు మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వచ్చిన వారంలోపే, "ఏరా, నీళ్లు పోయాక ఈ సింకు గుటకలు మింగుతోందేమిటి? కాసేపటికి మురుగు వాసన కూడా వస్తోంది" అన్నది. మేమిద్దరం ఉద్యోగాల హడావుడిలో ఆ చప్పుడుకు అలవాటు పడిపోయాము గాని, అంతకుముందు ఆ వాసనకు కారణం, వంటింటి చెత్తను సింకు కిందే నలగ్గొట్టే డిస్పోజర్‌లో ఇరుక్కున్న కూరగాయల తొక్కలే అనుకుని వంటసోడా, వెనిగర్ పోసి కడిగాము, నిమ్మచెక్కలు వేసి తిప్పాము, డిస్పోజర్ మూతి దగ్గరి రబ్బరును తిరగేసి తోమాము. ప్రతిసారీ ఒక పూట బాగుండేది, మరునాటికి వాసన మళ్లీ వచ్చేది.

అమ్మ మాటలో నాకు పనికివచ్చిన ముక్క "నీళ్లు పోయాక" అన్నది. పంపు సన్నగా తిప్పి చేతులు కడుక్కున్నప్పుడు చప్పుడు లేదు. తొట్టి నిండా నీళ్లు నింపి ఒక్కసారిగా వదిలినప్పుడే చివర్లో గుడగుడ వినిపించేది, ఆ తరవాత గంటలోపు వాసన మొదలయ్యేది. అందుకని ఒక ఆదివారం సింకు కింద ట్రాప్ అనే వంపు గొట్టాన్ని చేత్తో మరలు వదులు చేసి విప్పి, అందులో మిగిలిన నీటిని కొలపాత్రలోకి వంచాను. దాదాపు 90 మిల్లీలీటర్లు వచ్చాయి. మళ్లీ బిగించి, ఈసారి ఒక గ్లాసుతో మెల్లగా నీళ్లు పోసి, పొంగి అవతలికి జారాక విప్పి చూస్తే 220 మిల్లీలీటర్లు ఉన్నాయి. అంటే తొట్టి ఖాళీ అయిన ప్రతిసారీ ట్రాప్‌లో నిలవవలసిన నీటిలో సగానికి పైగా వెళ్లిపోతోంది.

ఆ కొద్దిపాటి నీటికి ఉన్న బాధ్యత చాలా పెద్దది. మురుగు గొట్టాల్లోని గాలికీ మన వంటింటి గాలికీ నడుమ తలుపుగా ఉండేది ఆ నీరే, మరొకటేదీ లేదు. అమెరికా ప్లంబింగ్ నియమాలు ఈ నీటి అడ్డు లోతు 2 అంగుళాలకు తగ్గకూడదు, 4 అంగుళాలకు మించకూడదు అంటాయి. గొట్టాల్లోని గాలి ఒత్తిడి ఆ నీటిని ఒక అంగుళం నీటిమట్టానికి మించి అటూ ఇటూ కదల్చకుండా వ్యవస్థను కట్టాలని కూడా అంటాయి. నిండుగా పారే నీరు గొట్టం మొత్తాన్ని ఆక్రమించి కిందికి దిగేటప్పుడు తన వెనుక గాలిని పలచబరుస్తుంది. ఆ లోటు తీర్చడానికి వేరే చోటి నుంచి గాలి రాకపోతే, అది ట్రాప్‌లోని నీటినే లాగేసుకుంటుంది. డబ్బాలోంచి కిరోసిన్ తీయడానికి రబ్బరు గొట్టం పెట్టి ఒకసారి పీల్చి వదిలితే అదే ధారగా రావడం మనలో చాలామంది చూసిన సంగతే; ఇక్కడ జరిగేది సరిగ్గా అదే. చివర్లో వినిపించే గుడగుడ, నీటిని చీల్చుకుంటూ వంటింటి గాలి లోపలికి దూరిన చప్పుడు.

"మన ఇంట్లో ఇలాంటిది ఎప్పుడూ లేదు కదరా" అని అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడం నాకు చాలా ఉపకరించింది. తెనాలిలో మా వంటింటి తొట్టి గొట్టం గోడ దాటి, బయట గల్లీ ట్రాప్ అనే మురుగు గుంట జాలీ మీద తెరిచిన మూతితో నీళ్లు పోస్తుంది. గొట్టం చివర ఆరుబయట ఉంది కనుక గాలికి కొదవ లేదు, పీల్చుకోవడం అన్న సమస్యే పుట్టదు. ఇక్కడి ఇళ్లలో సింకు గొట్టం ఎక్కడా తెగకుండా నేరుగా మురుగు గొట్టంలో కలుస్తుంది. చలి దేశంలో అలా ఇంటి లోపలే మూసి ఉంచక తప్పదు. కాబట్టి ఆ గాలిని ప్రత్యేకంగా ఒక గొట్టం ద్వారా తెచ్చి ఇవ్వాలి. పైకప్పు మీద పొడుచుకుని కనిపించే గొట్టాలు అందుకే.

మా పాత సింకుకు అలాంటి వెంటు గొట్టం బయటి గోడలోంచి పైకి వెళ్లేది. వంటిల్లు మార్చినప్పుడు పని పట్టిన గుత్తేదారు దానికి గోడలోపలే మూత బిగించి, కొత్త సింకుకు ఎస్ ఆకారపు ట్రాప్ పెట్టి, గొట్టాన్ని నిట్టనిలువుగా నేలలోకి దింపేశాడు. ఎస్-ట్రాప్ తనను తానే ఖాళీ చేసుకునే నిర్మాణం. ఇక్కడి నియమాలు దాన్ని నిషేధించాయి. ఈ పనికి ప్లంబింగ్ పర్మిట్ కూడా తీసుకోలేదని అప్పుడే తెలిసింది. పర్మిట్ కాగితం చూపించమని మొదటి రోజే నేను అడిగి ఉండవలసింది.

లైసెన్సు ఉన్న వేరే ప్లంబర్‌ను పిలిచాను. అరవై ఏళ్లు దాటిన ఆయన ముందుగా బేస్‌మెంట్‌లోకి దిగి, వంటింటి నేలకింది దూలాల నడుమ గొట్టాలన్నీ టార్చి వేసి చూసి, ఆ తరవాతే పైకి వచ్చి సింకు తలుపు తీశాడు. మొదట చెప్పినది అందరూ చెప్పేదే: ఐలాండ్ నుంచి నేల కింద గొట్టం తీసి, దగ్గరి గోడలోంచి పై అంతస్తు పడకగది మీదుగా కప్పు దాటించాలి. అన్ని విధాలా ఉత్తమమైన మార్గం అదేనని ఆయన అభిప్రాయం, ఇప్పుడు నాదీ అదే. అయితే అందుకు పిల్లల గది గోడ పగలగొట్టాలి, నాలుగేళ్ల కిందట వేయించిన పైకప్పుకు కొత్త రంధ్రం పెట్టాలి. వేరే దారులేమున్నాయో చెప్పమని అడిగాను. ఆయన ఓపికగా ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు.

గోడలో మూతపడిన పాత వెంటునే వాడుకోవచ్చు కదా అన్నది నా మొదటి ఆలోచన. ట్రాప్ నుంచి వెంటు దాకా ఎంత దూరం ఉండవచ్చో నియమం ఉంది: మా రాష్ట్రంలో ఒకటిన్నర అంగుళాల గొట్టానికి 6 అడుగులు, 2 అంగుళాల గొట్టానికి 8 అడుగులు. మాకు 14 అడుగులు వచ్చింది. దూరం పెరిగేకొద్దీ వాలు కూడా పెరుగుతుంది; ట్రాప్ నుంచి వెంటు వరకు మొత్తం వాలు గొట్టం వ్యాసాన్ని మించితే నీరు వెంటు మూతిని ముంచేసి మళ్లీ పీల్చుకోవడం మొదలవుతుంది. అందుకే ఆ హద్దు.

కప్పుకు బదులు పక్క గోడలోంచి వెంటును బయటికి తీయవచ్చు. కాని దాని మూతి నేలకు కనీసం 10 అడుగుల ఎత్తున, స్థలం సరిహద్దుకు 10 అడుగుల దూరాన ఉండాలి, కిటికీలకు దగ్గరగా రాకూడదు, చూరు కింద గాలి రంధ్రాలుంటే అక్కడ పెట్టకూడదు. మా ఇంటి చూరు నిండా ఆ రంధ్రాలే. ఇంకొక పద్ధతిలో మురుగు గొట్టాన్నే కాస్త పెద్దదిగా వేసి, అందులో నీటి పైన ఎప్పుడూ గాలికి చోటు మిగిలేలా చూస్తారు. నీరు, గాలి ఒకే గొట్టంలో నడుస్తాయి. డిస్పోజర్ ఉన్న సింకుకు అది పనికిరాదు. గొట్టంలోకి గాలిని వదలడానికి దుకాణాల్లో తక్కువ ధరకు దొరికే స్ప్రింగు బిరడా ఒకటుంది, దాన్ని ఇక్కడి ప్లంబర్లు దొంగ వెంటు అని పిలుస్తారు. నియమాలు దాన్ని ఒప్పుకోవు, ఆయన దాని గురించి రెండో వాక్యం మాట్లాడలేదు.

మిగిలినవి రెండు. ఒకటి ఐలాండ్ కోసమే పుట్టిన లూప్ వెంటు. దీన్ని నేను అంతకు ముందే ఒకసారి దగ్గరగా చూశాను. కాలిఫోర్నియాలో ఉంటున్న మా చెల్లెలి భర్త తన వంటింట్లో ఐలాండ్ సింకు పెట్టించుకున్నప్పుడు, ఆ రాష్ట్రం అనుసరించే యూనిఫార్మ్ ప్లంబింగ్ కోడ్ ప్రకారం లూప్ వెంటే వేయించవలసి వచ్చింది. ట్రాప్ తరవాత వెంటు గొట్టం సింకు అరుగు అడుగుభాగం దాకా, ఎంత ఎత్తు వీలైతే అంత ఎత్తుకు లేచి, అక్కడ గుర్రపు నాడాలా వంగి మళ్లీ కిందికి దిగుతుంది. నేల కిందికి వచ్చాక ఒక శాఖ మురుగు గొట్టంలోనే, సింకు నీరు కలిసిన చోటుకు కాస్త దిగువన చేరుతుంది. ఇంకొక శాఖ దగ్గరి గోడ దాకా వెళ్లి, సింకు అంచుకు కనీసం 6 అంగుళాల పైన వేరే వెంటులో కలుస్తుంది. సింకు పొంగినా నీరు వెంటులోకి పోకుండా ఆ ఎత్తయిన వంపు కాపాడుతుంది; ఒకవేళ పోయినా వెంటు గొట్టం మురుగు వైపే వాలి ఉంటుంది కనుక తిరిగి కారిపోతుంది. ఎప్పుడైనా పూడితే శుభ్రం చేయడానికి నిలువు భాగంలో ఒక మూత కూడా పెడతారు. అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు, పాడవడానికేమీ లేదు. ఆ పొందిక నాకు ఇప్పటికీ ముచ్చటగొలుపుతుంది. కాకపోతే వాళ్ల ఇంటికి బేస్‌మెంట్ లేదు. నేల కాంక్రీటును ఐలాండ్ నుంచి గోడ దాకా కోసి, గొట్టాలు వేసి, మళ్లీ పోయవలసి వచ్చింది. "బావగారూ, అరుగు రాయి ధర కంటే ఈ గొట్టం ధర ఎక్కువైంది" అని ఫోనులో చెప్పాడు.

మాకు కాంక్రీటు అడ్డం లేదు గాని, ఐలాండ్‌కూ పాత వెంటు ఉన్న గోడకూ నడుమ బేస్‌మెంట్ కప్పు కింద ఇనుప దూలం, దాని పక్కనే ఇల్లంతటికీ వేడిగాలి తీసుకెళ్లే పెద్ద రేకు గొట్టం అడ్డంగా ఉన్నాయి. వెంటు గొట్టం మధ్యలో ఎక్కడా పల్లంలోకి దిగకుండా అడుగుకు పావు అంగుళం చొప్పున గోడ వైపు పెరుగుతూ పోవాలి. దూలం కిందుగా దూరి మళ్లీ లేస్తే ఆ పల్లంలో నీరు నిలిచి గాలికి అడ్డుపడుతుంది. ప్లంబర్ అరగంట సేపు టేపు పట్టి కొలిచి, కుదరదని తేల్చాడు.

అలా ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్ దగ్గర ఆగాము. 1970ల్లో స్వీడన్‌లో రూపుదిద్దుకున్న ఈ సాధనం అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బుడ్డి. లోపల పలుచని రబ్బరు పొర తన బరువుతోనే మూతిని మూసి ఉంచుతుంది. గొట్టంలో ఒత్తిడి గదిలోకంటే తగ్గగానే పొర లేచి గాలిని లోపలికి వదులుతుంది, లోటు తీరగానే వాలి మూసుకుంటుంది. స్ప్రింగు లేదు కనుక చాలా స్వల్పమైన తేడాకు కూడా తెరుచుకుంటుంది. దొంగ వెంటుకూ దీనికీ అసలు తేడా అదే. వర్జీనియా భవన నియమావళికి ఆధారమైన ఇంటర్నేషనల్ కోడ్ కౌన్సిల్ నియమాలు దీన్ని కొన్ని షరతులతో ఒప్పుకుంటాయి. ఏఎస్‌ఎస్‌ఈ సంస్థ 1051 ప్రమాణం ముద్ర ఉన్న వాల్వే కొనాలి. ట్రాప్ నుంచి వచ్చే అడ్డ గొట్టానికి కనీసం 4 అంగుళాల పైన అది ఉండాలి, నిటారుగా ఉండాలి, చేతికి అందాలి, దాని చుట్టూ గాలి ఆడాలి. ఇంటికి కనీసం ఒక్క వెంటైనా ఆరుబయటికి తెరుచుకుని ఉండాలన్న షరతును ఆ రోజు నేను మిగతావాటితో పాటే విన్నాను.

ఈసారి పర్మిట్ తీసుకున్నాకే పని మొదలైంది. ఎస్-ట్రాప్ తీసేసి, గొట్టం పక్కకు సాగే పీ-ట్రాప్ పెట్టి, దాని నుంచి అడ్డ గొట్టాన్ని అడుగుకు పావు అంగుళం వాలుతో ఒక టీ ఆకారపు అతుకు ముక్కలోకి కలిపారు. టీ కింది కాలు నేలలోకి, పై కాలు వాల్వ్ వైపు. వాల్వ్‌ను నేరుగా అతికించకుండా మరలున్న ముక్క మీద టెఫ్లాన్ టేపు చుట్టి బిగించమని నేను అడిగేలోపే ఆయన అలాగే చేశాడు. ఎప్పటికైనా మార్చవలసినది అతుకు పడి ఉండకూడదు. ముందుగా వాల్వ్ స్థానంలో మూత పెట్టి, గొట్టాల్లో నీళ్లు నింపి కారుతున్నదేమో పరీక్షించి, ఆ తరవాతే వాల్వ్ పెట్టాడు. అరుగు రాయికి రెండు వేళ్ల కిందుగా అది నిలిచింది. అల్మారా తలుపులు బిగుతుగా మూసుకుంటాయి కనుక వెనుక పలకకు చిన్న జాలీ అమర్చాము. వాల్వ్ ధర 30 డాలర్ల లోపే; ఖర్చంతా మనిషి పనికే.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ వాల్వ్ ఎత్తు కొలిచి, ముద్ర చూసి, "బయటికి తెరుచుకున్న వెంటు ఎక్కడుంది?" అని అడిగాడు. పెరట్లోకి తీసుకెళ్లి కప్పు మీది 3 అంగుళాల గొట్టం చూపించాను. చూసి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రం తొట్టి నిండా నీళ్లు నింపి వదిలాను. గుడగుడకు బదులు చివర్లో చిన్న నిట్టూర్పు లాంటి చప్పుడు, వాల్వ్ గాలి పీల్చుకున్నది. ట్రాప్ విప్పి కొలిస్తే 215 మిల్లీలీటర్లు. అమ్మ వంగి, అల్మారాలో ముఖం పెట్టి వాసన చూసి, "పోయిందిరా" అన్నది.

రెండు నెలల తరవాత, మే నెలలో, సింకులో బుడగలు మొదలయ్యాయి. ఈసారి సింకు వాడకుండానే: పై అంతస్తులో బట్టల మెషిన్ నీళ్లు వదిలినప్పుడు ట్రాప్‌లోంచి బుడబుడమని గాలి పైకి వచ్చేది, దానితో పాటే వాసన. వాల్వ్ పాడైందనుకుని కొత్తది కొని బిగించాను. తేడా లేదు. ఆ రెండోసారి కొన్న వాల్వ్ ముందు నిలబడి ఆలోచిస్తేనే, నేను చదివి కూడా పట్టించుకోని సంగతి అర్థమైంది: ఈ వాల్వ్ గాలిని లోపలికి రానిస్తుందే గాని బయటికి పోనివ్వదు. పోనిస్తే మురుగు వాసన గదిలోకే వస్తుంది కనుక అలా చేయకపోవడమే దాని గుణం. పై నుంచి ఒక్కసారిగా పడే నీరు తన ముందున్న గాలిని తోసుకుంటూ వస్తుంది. ఆ గాలికి బయటపడే దారి కావాలి. దారి లేకపోతే అన్నిటికంటే బలహీనమైన అడ్డును, అంటే ఏదో ఒక ట్రాప్‌లోని నీటిని, చీల్చుకుని వస్తుంది. ఆకాశహర్మ్యాల్లో ఈ తోపుడును మింగడానికి ప్రత్యేకమైన గాలి తిత్తులు అమర్చుతారట గాని, రెండంతస్తుల ఇంట్లో ఆ పని చేయవలసినది కప్పు మీది గొట్టమే.

ప్లంబర్‌కు ఫోను చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, పై అంతస్తు మరుగుదొడ్డిలో నీరు కూడా ఊగుతోందా అని. ఊగుతోంది, నెలల తరబడి ఊగుతోంది, మేము దానికీ సింకుకూ సంబంధం కట్టలేదు. ఆయన నిచ్చెన వేసుకుని కప్పెక్కాడు. పెరట్లోంచి అంత నిక్షేపంగా కనిపించిన గొట్టంలో మూతికి అడుగు లోపల పక్షి గూటి పుల్లలు, వాటి మీద కుళ్లి అట్టకట్టిన ఆకులు ఉన్నాయి. వాటిని పైకి లాగి, తీగ దింపి, హోస్ గొట్టంతో నీళ్లు వదిలాడు. నీరు ఎక్కడా ఆగకుండా దిగింది. ఇన్నాళ్లూ ఈ ఇంటి మొత్తానికి గాలి అందించినది ఐలాండ్ కింది ఆ చిన్న వాల్వ్ ఒక్కటేనన్నమాట. బయటికి తోసే పని మాత్రం దాని వల్ల కాలేదు.

కిందికి దిగాక ఆయన పై అంతస్తులో మెషిన్ నీళ్లు వదిలించి, అదే సమయంలో మరుగుదొడ్డి ఫ్లష్ నొక్కించి, తాను సింకు ముందు చెవి ఒగ్గి నిలబడ్డాడు. బుడగ లేదు. "ఈ వాల్వ్ నీ సింకుకు వెంటు. నీ ఇంటికి కాదు" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. గోడలో మూతపడిన పాత వెంటును కూడా బాగుచేయించమని సలహా ఇచ్చాడు. అది తెరిస్తే పెద్ద గొట్టం ఎప్పుడైనా మళ్లీ పూడినా ఇంకొక ఊపిరి ఉంటుంది. ఆ వేసవిలోనే గోడ పలక ఒక అడుగు మేర కోయించి ఆ మూత తీయించి, దాన్ని కింద బేస్‌మెంట్‌లోని మురుగు గొట్టానికి కలిపించాము.

వాల్వ్ పెట్టిన తేదీని ఒక తెల్ల పట్టీ మీద రాసి దాని మెడకు అంటించాను. దాని పక్కనే అల్మారాలో ఇంకొక వాల్వ్, విప్పడానికి పనిముట్టు, ఒక చిన్న కొలపాత్ర ఉంటాయి. ఆకులు రాలడం ముగిశాక, మళ్లీ వసంతంలో పక్షులు గూళ్లు కట్టే కాలం దాటాక, ఏడాదికి రెండుసార్లు తొట్టి నింపి వదిలి ట్రాప్ విప్పి కొలుస్తాను. నిన్నటి లెక్క 210.